మూరెడు కుక్క జానెడైన కథ

లండను నేషనల్ గ్యాలరీలో థామస్ గెయిన్స్‌బరో 1785లో చిత్రించిన పెద్ద తైలవర్ణచిత్రం ఒకటి ఉన్నది. దానికి లోకంలో స్థిరపడిన పేరును మన భాషలో 'ప్రాతర్విహారం' అనుకోవచ్చు. చేయి చేయి కలిపి చెట్లనీడన నడుస్తున్న ఒక యువజంట, ఆ యువతి ప్రక్కన ముఖమెత్తి చూస్తున్న తెల్లని కుక్క. దట్టమైన బొచ్చు, కోసుగా సాగిన మూతి, నిక్కిన చెవులు. ఒడిలో పట్టే కుక్క కాదది. యజమానురాలితో సమంగా అడుగులు వేసి, అవసరమైతే మందను కాయగల పశువు. అది పొమరేనియన్ జాతి కుక్క అని చెబితే ఈ కాలంలో ఎవరూ చప్పున నమ్మరు. ఎందుకంటే నేడు ఆ పేరుతో మనకు అమ్మజూపేది అరచేతిలో ఇమిడే దూదిపింజ.

అదే చిత్రకారుడు అంతకు కొన్నేళ్ళ ముందు, సుమారు 1777లో, కేవలం కుక్కలనే వస్తువుగా తీసుకొని మరొక చిత్రం వ్రాశాడు. కార్ల్ ఫ్రీడ్రిచ్ ఆబెల్ అనే జర్మను సంగీత విద్వాంసుడు ఆయనకు మిత్రుడు. ఆయన ఇంటి పొమరేనియన్ తల్లి, దాని పిల్ల అందులో ఉన్నాయి. నాకు ఈ రెండవ చిత్రమే ఎక్కువ ఇష్టం. కారణం ముందు ముందు తేటపడుతుంది.

ఈ వ్యాసం వ్రాయబూనడానికి ఒక కారణమున్నది. చిన్నజాతి కుక్కపిల్లను కొనదలచిన వారు నన్ను సలహా అడగడం ఈ మధ్య ఎక్కువైంది. తెలుగు చెప్పుకొని బ్రతికిన వాడిని కుక్కల సంగతి అడగడమేమిటని మొదట నవ్వుకొన్నాను. కాని చదువగా చదువగా, కొనేవాడు అడుగవలసిన ప్రశ్నలన్నీ ఈ జాతి చరిత్రలోనే దొరుకుతాయని తోచింది.

ముందు పేరు సంగతి. బాల్టిక్ సముద్రపు దక్షిణతీరాన, నేటి పోలండు ఉత్తరభాగంలోనూ జర్మనీ ఈశాన్యమూలలోనూ పరచుకొన్న ప్రాంతం పొమరేనియా. స్లావిక్ భాషలలో 'పో మోరె' అంటే సముద్రం వెంబడి అని అర్థం. అంటే మన లెక్కలో కోస్తా కుక్క అన్నమాట! జర్మనులు ఈ కుటుంబానికంతటికీ పెట్టుకొన్న పేరు స్పిట్జ్, అంటే మొనదేరినది. మూతిని బట్టి వచ్చిన పేరు. మనవాళ్ళు 'పామేరియన్' అనేశారు. శబ్దశాస్త్రరీత్యా ఒక అక్షరం లోపించిందని ఎవరైనా తప్పు పట్టవచ్చుగాని, నోరు తిరిగే మార్గాన్నే జనం ఎన్నుకొంటారు. అందులో తప్పేమీ లేదు.

ఇంగ్లండు రాజు మూడవ జార్జి భార్య షార్లెట్ జర్మనీలోని మెక్లెన్‌బుర్గ్ ఆడపడుచు. పొమరేనియాకు అది ఇరుగుపొరుగు. పుట్టింటి వైపు నుంచి సారె వచ్చినట్లుగా 1767లో ఆమె ఈ జాతి కుక్కలను రెండింటిని తెప్పించుకొన్నది. వాటి పేర్లు ఫీబీ, మెర్క్యురీ. ఆ కాలపు కుక్కలు 30 పౌండ్ల వరకూ, అంటే దాదాపు 13 కిలోలకు పైగా తూగేవి. నేడు ప్రదర్శనలలో నిలిచే పొమరేనియన్లను నాలుగైదింటిని కలిపి తూచితేగాని ఆ బరువు రాదు.

ఇక అసలు కథ షార్లెట్ మనవరాలితో మొదలవుతుంది. విక్టోరియా మహారాణి 1888 వసంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సు నగరానికి విహారార్థం వెళ్ళినప్పుడు ఆమెకు 68 ఏళ్ళు. అక్కడ ఆమె కంటబడిన చిన్న స్పిట్జ్ కుక్కలను కొని వెంట తెచ్చుకొన్నది. వాటిలో మార్కో అనే ఎర్రని కుక్క బరువు 12 పౌండ్లు, అంటే అయిదున్నర కిలోల లోపు. ఇంగ్లండులో అప్పటికి ఉన్న పొమరేనియన్ల ముందు అది చిన్నపిల్లవలె కనిపించింది. యథా రాజా తథా ప్రజా అన్న మాట ప్రజాస్వామ్యంలో ఎంతవరకు చెల్లుతుందో గాని, కుక్కల విషయంలో అక్షరాలా చెల్లింది. రాణిగారి ఒడిలో కూర్చున్నదే అందమైనది, చిన్నదే గొప్పది.

ఈ సందర్భంలో ఒక వ్యాపారి ముచ్చట చెప్పాలి. కుక్కల బిస్కెట్లు తయారుచేసే స్ప్రాట్ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ అనే ఆయన 1891లో లండనులో తన పేరుతో తొలి కుక్కల ప్రదర్శన పెట్టాడు. రాణిగారి పొమరేనియన్లు అందులో నిలిచాయి. ఆ సంవత్సరమే ఈ జాతి అభిమానుల సంఘమూ ఏర్పడింది. బిస్కెట్లమ్మే మనిషి, రాణి, పోటీ, బహుమతి: ఈ నాలుగూ కూడిన తరువాత ఒక జంతువు రూపం మారకుండా ఉంటుందా? 1901 జనవరిలో ఆస్బోర్న్ భవనంలో విక్టోరియా అవసానదశలో ఉన్నప్పుడు తన టూరీని దగ్గరకు తెమ్మన్నదనీ, ఆ చిన్న పొమరేనియన్ ఆమె పడక మీద ఉన్నదనీ చెబుతారు. ఆమె జీవితకాలంలోనే ఈ జాతి పరిమాణం సగానికి సగం తగ్గిందని జాతి చరిత్ర వ్రాసినవారి మాట. పది పదిహేనువందల ఏళ్ళలో జరుగవలసిన పని ఒక మనిషి ఆయుర్దాయంలో ముగిసింది.

ఎలా ముగిసిందన్నదే నాకు ఆసక్తి కలిగించిన అంశం. 1873లో ఏర్పడిన బ్రిటిషు కెన్నెల్ క్లబ్బు వంటి సంస్థలు ఒక్కొక్క జాతికి ఒక లక్షణగ్రంథం వంటిది స్థిరపరుస్తాయి. కావ్యానికి లక్షణం చెప్పిన ఆలంకారికులు మనకున్నారు కదా, అలాగే. కాని లక్షణం కావ్యాన్ని చూసి పుట్టాలి. ఇక్కడ లక్షణం చూసి కుక్క పుట్టడం మొదలైంది. తొలినాళ్ళలో ప్రదర్శనలలో ఏడెనిమిది పౌండ్లకు పైబడినవి ఒక వర్గం, లోబడినవి ఒక వర్గం. మెల్లగా పై వర్గం కనుమరుగైంది. నేటి అమెరికా లక్షణం ప్రకారం పొమరేనియన్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అనగా 1.4 నుంచి 3.2 కిలోలు. అంతర్జాతీయ సమాఖ్య వారు జర్మను స్పిట్జ్ కుటుంబం మొత్తానికి ఒకే లక్షణపత్రం పెట్టారు. అందులో పెద్ద స్పిట్జ్ ఎత్తు 46 సెంటీమీటర్లకు అటూ ఇటూ. పొమరేనియన్ ఎత్తు 18 నుంచి 24 సెంటీమీటర్లు. మన పాత కొలతలలోకి మార్చి చూస్తే ఒకటి సరిగ్గా మూర, రెండవది జాన. ఒకే ఇంటి కుక్కలు.

పొట్టితనం ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానం మరీ వింతగా ఉన్నది. 2007లో వెలువడిన పరిశోధన ఒకటి, కుక్కల పరిమాణాన్ని నిర్ణయించడంలో ఐజీఎఫ్-1 అనే ఒక్క జన్యువుకు చాలా పెద్ద పాత్ర ఉన్నదని తేల్చింది. 2022లో మరొక పరిశోధన ఆ జన్యువు దగ్గర పొట్టితనానికి కారణమైన మార్పును పట్టుకొన్నది. అది మానవుడు కల్పించినది కాదట. 54,000 ఏళ్ళ నాటి సైబీరియా తోడేలు అవశేషంలో సైతం పొడుగుతనపు రూపంతోపాటు ఆ పొట్టి రూపమూ కనబడింది. పైగా రెండింటిలో పొట్టిదే పాతదట. తోడేలులో దాగివున్న వామనుడిని మనిషి ఏరి, ఏరి, బయటకు తీశాడు.

ఏరడం అన్న మాటను కొంచెం విడమర్చి చెబుతాను. ఒక ఈతలో పుట్టిన పిల్లలలో అన్నిటికంటె చిన్నదానిని ఏరి, మరొక ఈతలోని చిన్నదానితో జతకట్టించడం. వాటి పిల్లలలో మళ్ళీ చిన్నదానిని ఏరడం. ఎముక గట్టిగా ఉన్న చిన్నదానిని ఏరితే ఒక రకం. గిడసబారి, పాలు చాలక, జబ్బుతో చిన్నదైనదానిని ఏరితే మరొక రకం. బరువు చూపే ముల్లుకు ఈ రెండింటికీ తేడా తెలియదు. బజారుకు తెలిసినా అవసరం లేదు.

ఇందులో అందరూ మరచిపోయేది తల్లిని. కుక్కకు గర్భవాసం సుమారు 63 దినాలు. పెద్దజాతి కుక్క ఎనిమిది పది పిల్లలను పెట్టినా ఒక్కొక్క పిల్ల తల్లి బరువులో చాలా చిన్న అంశం. తల్లి చిన్నదైన కొద్దీ పిల్లల సంఖ్య తగ్గుతుందిగాని, పిల్ల బరువు ఆ నిష్పత్తిలో తగ్గదు. కనుక పొమరేనియన్ తల్లి ఒకటి రెండు పిల్లలనే మోస్తుంది, మూడంటే ఎక్కువ. కాని మోసిన ప్రతి పిల్లా దాని శరీరానికి పెద్ద బరువే. తల గుండ్రంగా, నుదురు ఎత్తుగా, మూతి పొట్టిగా, ఎలుగుబంటి బొమ్మలా ఉండాలని నేటి బేరగాళ్ళ ముచ్చట. ఆ గుండ్రని తల తల్లి కటివలయం గుండా బయటపడాలి. పడకపోతే కత్తి. కిలోన్నర తల్లికి మత్తుమందు ఇచ్చి కడుపు కోసి పిల్లను తీయడం ఎంత ప్రమాదమో పశువైద్యులను అడిగితే చెబుతారు. పిల్ల అరచేతిలో పట్టాలన్న మన సరదాకు వెల ఇచ్చేది మనం కాదు.

పిల్ల కూడా కొంత ఇచ్చుకొంటుంది. మరీ చిన్న పిల్లలకు కాలేయంలో చక్కెర నిలువ తక్కువ. ఒక పూట తినకపోతే వణికి, తూలి, స్పృహ తప్పుతాయి. వెంటనే చిగుళ్ళకు తేనె రాసి వైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. మోకాలి చిప్ప పక్కకు జారడం, శ్వాసనాళం చదునుబడి గూసుకూతలాంటి దగ్గు రావడం, పాలపళ్ళు ఊడకుండానే అసలు పళ్ళు వచ్చి రెండు వరుసలుగా నిలవడం, మాడు మూసుకోకపోవడం, సోఫా మీదినుంచి దూకితే ముంజేయి ఎముక విరగడం. ఇవన్నీ చిన్నజాతులలో తెలిసిన బాధలే. ఆరోగ్యంగా పదమూడు పద్నాలుగేళ్ళు బ్రతికే పొమరేనియన్లు లోకంలో ఎన్నో ఉన్నాయి. వాటి ఆరోగ్యం అదృష్టం వల్ల రాలేదు, కనిపెంచినవాడి నిదానం వల్ల వచ్చింది. 'టీకప్పు' అనే మాట ఏ కెన్నెల్ క్లబ్బు లక్షణంలోనూ లేదు. అది అంగడివాడి విశేషణం. వ్యాకరణంలో విశేషణం విశేష్యాన్ని ఆశ్రయించి ఉంటుంది. ఈ విశేషణం మాత్రం ధరను ఆశ్రయించి ఉన్నది.

మన దేశపు ముచ్చట కొంత వేరు. నా తరం వాళ్ళు వీథి వీథిలో చూసిన తెల్లని 'పామేరియన్' నిజానికి పొమరేనియన్ కాదు. అది భారతీయ స్పిట్జ్. అందులో చిన్నరకమే అయిదారు కిలోలు తూగుతుంది, పెద్దరకం అంతకు రెట్టింపు దాటుతుంది. విదేశీ కుక్కలు సులువుగా దొరకని కాలంలో మన ఎండలకు, మన పెరుగన్నానికి అలవాటుపడి, గేటు దగ్గర ఊరంతటినీ మొరిగి పలకరించిన కుక్క అది. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' హిందీ చిత్రంలో క్రికెట్టుకు అంపైరుగా నిలిచిన టఫీ ఆ జాతిదే. ఆ తరువాత 2003లో ఒక ఫోను కంపెనీ ప్రకటనలో పిల్లవాడి వెంట నడిచిన పగ్గును మనవాళ్ళు 'హచ్ కుక్క' అన్నారు. జాతి పేరు తెలియకుండానే కొన్నారు! టఫీకి ముందు వచ్చిన కుక్కను చూసి కొన్నాం, తరువాత వచ్చినదానిని తెర మీద చూసి కొన్నాం. ఇప్పుడు ఫోనులో చూసి కొంటున్నాం. బేరగాళ్ళ నోట 'టాయ్ పామ్', 'మినీ పామ్', 'కల్చర్ పామ్' అని ఎన్నో సమాసాలు. వీటిలో ఒక్కటీ జాతి పేరు కాదు.

ప్రపంచానికి మెలకువ ఆలస్యంగా వచ్చింది. స్పిట్జ్ పుట్టిన జర్మనీలో 1986లోనే జంతుసంరక్షణ చట్టంలో ఒక సెక్షను చేర్చారు: పుట్టబోయే పిల్లకు బాధ కలిగించే లక్షణాల కోసం జంతువులను జతకట్టించరాదని. ఇంగ్లండులో 2008 ఆగస్టున బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ, వంశశుద్ధి పేరిట కుక్కలు పడే బాధలను ఇంటింటికీ చూపింది. క్రఫ్ట్ పేరిట నూరేళ్ళకు పైగా నడిచిన ఆ ప్రదర్శనను 2009లో బీబీసీ ప్రసారం చేయలేదు. కెన్నెల్ క్లబ్బు తన లక్షణాలను తిరగవ్రాసుకొన్నది. 2010లో జీవశాస్త్రవేత్త పాట్రిక్ బేట్సన్ ఈ విషయమై నివేదిక ఇచ్చాడు.

అయినా చట్టాన్ని కదిలించింది నివేదికలు కాదు, ఒక తల్లి కుక్క. పేరు లూసీ. ఒడికుక్కలలో మరొక జాతి, కవలియర్ స్పానియల్. వేల్సులోని ఒక పిల్లల ఉత్పత్తి కేంద్రంలో ఏళ్ళ తరబడి ఇరుకుపంజరంలో ఉంచి ఈత మీద ఈత ఈనించగా, వెన్ను వంగి, తొడకీళ్ళు అతుక్కొని, 2013లో బయటపడింది. 2016లో చనిపోయింది. దాని పేరుతోనే పిలువబడే నిబంధన ఇంగ్లండులో 2020 ఏప్రిల్ 6న అమలులోకి వచ్చింది. ఆరు నెలల లోపు కుక్కపిల్లను, పిల్లిపిల్లను మధ్యవర్తి అమ్మరాదు. కొనాలంటే పుట్టించినవారి దగ్గరే కొనాలి, లేదా రక్షణకేంద్రం నుంచి తెచ్చుకోవాలి. పుట్టించినవారు పిల్లను తల్లితో కలిపి చూపాలి. రెండున్నర శతాబ్దాలకు ఇంగ్లీషువాళ్ళు గెయిన్స్‌బరో రెండవ చిత్రం దగ్గరకు వచ్చి చేరారు.

మన దేశంలోనూ చట్టం ఉన్నదని చాలామందికి తెలియదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం క్రింద కేంద్రప్రభుత్వం 2017 మే నెలలో కుక్కల సంతానోత్పత్తి, విక్రయాలకు సంబంధించిన నియమావళిని ప్రకటించింది. దాని ప్రకారం పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో నమోదు చేసికోవాలి. ఆడకుక్కకు 18 నెలలు నిండాలి. ఏడాదికి ఒకటికి మించి ఈత ఉండరాదు, జీవితంలో అయిదు దాటరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. టీకాల వివరం, మైక్రోచిప్పు ఉండాలి. మంచి నియమావళి. అడిగేవాడుంటే పనిచేస్తుంది.

తల్లిని చూపమని అడగడం మనకు క్రొత్త కాదు. ఆంధ్రమహాభారతం ఆదిపర్వం మొదట్లోనే సరమ కథ వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్నచోట ఆడుకొంటున్న సారమేయుడనే కుక్కపిల్లను రాజు తమ్ములు అకారణంగా కొట్టారు. అది ఏడుస్తూ తల్లితో చెప్పుకొన్నది. సరమ రాజసభకు నడచి వచ్చి, చక్రవర్తిని నిలదీసి, అపాయం హెచ్చరించి వెళ్ళిపోయింది. ఎన్ని సంవత్సరాలు ఆ ఘట్టం పాఠం చెప్పానో! అన్ని తరగతులలోనూ పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే: కుక్క ఎలా మాట్లాడింది మాస్టారూ అని. నన్నయగారికి కలుగని సందేహం అది. నాకు మాత్రం ఇప్పుడు ఒక సంగతి స్ఫురిస్తున్నది. పిల్లకు జరిగిన అన్యాయానికి మహాభారతం సాక్ష్యం అడిగింది తల్లిని.

ఈ చదువంతా ఆచరణలో పెట్టవలసిన అవసరం నాకు ఇంట్లోనే కలిగింది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి కూతురికి పదకొండేళ్ళు. చిన్న పామ్ కావాలని ఏడాదిగా అడుగుతున్నది. సెలవులకు నేను వెళ్ళినప్పుడు అల్లుడు ఫోనులో చూసిన ఒక విక్రేత దగ్గరకు అందరం వెళ్ళాం. గేటు లోపలికి రానివ్వలేదు. ఒక కుర్రవాడు బుట్టలో పిల్లను తెచ్చి మా మనవరాలి అరచేతిలో పెట్టాడు. వెల 60,000 రూపాయలు. ఇంతకంటె పెరగదు సార్, గ్యారంటీ, అన్నాడు. వయసెంత అంటే రెండు నెలలన్నాడు. తల్లిని చూపించు బాబూ అన్నాను. ఊళ్ళో ఉందన్నాడు. ఏ ఊళ్ళో అంటే నవ్వాడు. పిల్ల నోరు తెరచి చూస్తే ముందు పళ్ళు అప్పుడే పొడుచుకొని వస్తున్నాయి. దవడపళ్ళు లేనే లేవు. కుక్కపిల్లకు పాలపళ్ళు మూడు నాలుగు వారాలకు మొదలై, ఎనిమిది వారాలకు ఇంచుమించు నోరు నిండుతాయి. తల్లి దగ్గర పాలు త్రాగవలసిన పిల్లను చిన్నదని చెప్పి అమ్ముతున్నాడు. చిన్నదే, నెల పిల్ల పెద్దదెలా అవుతుంది?

"తాతయ్యా, మనం తీసుకోకపోతే ఇది చచ్చిపోతుందేమో" అన్నది మా మనవరాలు. ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. మనం ఇచ్చే డబ్బుతో ఊళ్ళో ఉన్న తల్లిని మళ్ళీ కట్టిస్తాడమ్మా అని మాత్రం చెప్పాను. దారంతా ఏడ్చింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

రెండవ చోటికి వెళ్ళడానికి మూడు వారాలు పట్టింది. పశువైద్యుడొకాయన చెప్పిన గృహిణి. యాభై దాటిన మనిషి, ఇంట్లోనే నాలుగు పొమరేనియన్లు. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి ముందు తాను ప్రశ్నలు వేసింది. పగలు ఇంట్లో ఎవరుంటారు? నేల పాలరాయా, గచ్చా? జారే నేల అయితే తిరిగేచోట చాపలు పరుస్తారా? మేడమెట్లకు తలుపుందా? వేసవిలో బొచ్చు గొరిగిస్తామనే ఆలోచన ఉంటే ఇప్పుడే చెప్పండి, ఈ జాతికి గొరిగితే కొన్నిసార్లు మళ్ళీ రాదు అన్నది. మా అల్లుడు కొంచెం చిన్నబుచ్చుకొన్నాడుగాని, నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎవరికి ఇస్తున్నానని ఆరా తీయనివాడు పిల్లను ఎవరికి ఇవ్వడానికైనా సిద్ధమే కదా.

"తల్లిని చూడవచ్చునా అమ్మా?" అన్నాను.

"అదిగో మాస్టారూ, మీ కుర్చీ క్రిందే ఉంది" అన్నది.

బరువు 2.8 కిలోలు. వెన్ను నిటారుగా, కన్ను తేటగా, మా చేతులు వాసన చూసి పిల్లల దగ్గరకు వెళ్ళి పడుకొన్నది. రెండున్నర కిలోల లోపు ఆడదాన్ని కట్టించనని ఆమె నియమం పెట్టుకొన్నదట. కాగితాలు అడిగితే రెండు కట్టలు తెచ్చింది. ఒకటి కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వారి వంశపత్రం. దానికి చాలామంది కళ్ళకద్దుకొంటారుగాని, అది తాతముత్తాతల పేర్లు చెబుతుంది, మోకాళ్ళ సంగతి చెప్పదు. రెండవ కట్టలో తల్లిదండ్రుల మోకాళ్ళను, గుండెను పరీక్షించి వైద్యుడు సంతకం చేసిన కాగితాలు, టీకాల పుస్తకం, తన నమోదు పత్రం ఉన్నాయి. పెంచలేకపోతే ఎప్పుడైనా తనకే తిరిగి ఇవ్వాలని, ఇతరులకు అమ్మరాదని ఒక ఒప్పందం వ్రాయించుకొంటుందట.

ఆ ఈతలో మూడు పిల్లలు. రెండు సమంగా ఉన్నాయి. మూడవది వాటిలో సగం. మా మనవరాలి చేతులు తిన్నగా ఆ మూడవదాని మీదికే వెళ్ళాయి. అది అమ్మనన్నది ఆమె. ఎంతైనా ఇస్తామన్నాడు అల్లుడు. దాని మాడు ఇంకా మెత్తగా ఉంది, గంట గంటకూ పాలు పట్టిస్తున్నాను, బ్రతికితే నా దగ్గరే ఉంటుంది, డబ్బుకు ఇవ్వను అన్నది. మా మనవరాలి వ్రేలును మెల్లగా దాని తల మీద పెట్టి, నొక్కకుండా చూడమన్నది. ఆ అమ్మాయి వ్రేలు తీసి చాలాసేపు చూసుకొన్నది. ఏమీ అనలేదు.

అప్పటికి పిల్లలకు అయిదు వారాలు. పదవ వారం నిండాక రమ్మన్నది. చట్టం ఎనిమిదే అంటున్నది కదా అని అల్లుడు అడిగితే, చిన్నజాతికి మరో రెండు వారాలు తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర గడిస్తే తిండి స్థిరపడుతుంది, కరవకూడదని కూడా అక్కడే నేర్చుకొంటుందని చెప్పింది. ముందుగా డబ్బు తీసుకోలేదు. వచ్చేటప్పుడు తల్లి పడుకొన్న పాతగుడ్డ ముక్క ఒకటి ఇస్తాను, మొదటి రాత్రి దానిమీద పడుకోబెట్టండి అన్నది.

చెప్పినట్లే అయిదు వారాలకు తెచ్చుకొన్నాం. మూడు రోజులలోపు మా వైద్యునికి చూపి, నచ్చకపోతే వెనక్కి తీసుకొంటానన్న మాట కాగితం మీదే ఉన్నది. ఇప్పుడు దానికి ఏడాది దాటింది. 2.4 కిలోలు తూగుతున్నది. నా జానతో కొలిస్తే రెండు వ్రేళ్ళు ఎక్కువ ఎత్తు. వీథిలో వాళ్ళు ఇది టాయ్ కాదండీ, మిమ్మల్ని మోసం చేశారు అని మా అల్లుడితో అంటూ ఉంటారట. తల్లికి అది మూడవ ఈత. మొన్న సంక్రాంతికి శుభాకాంక్షలు చెప్పడానికి ఆమె ఫోను చేసినప్పుడు, దానికి కుటుంబనియంత్రణ ఆపరేషను చేయించేశాను, ఇక ఈనదు అని చెప్పింది. చిన్నది బ్రతికే ఉన్నదట, తలుపు సందులో నుంచి కొరియరు కుర్రవాడి మీద మొరుగుతున్నదట.